మగ్గం ఆగే వేళ

మా నాయిన చీరలు నేసేవాడు. మాది మునుగోడు దగ్గర పల్లె. చండూరు, గట్టుప్పల్, పుట్టపాక, ఆ చుట్టుపక్కల ఏ ఊరి పద్మశాలి వాడకు పోయినా తెల్లారకముందే మగ్గాల చప్పుడు మొదలై రాత్రి బువ్వల దాకా నడిచేది. మాది గుంట మగ్గం. ముందు గదిలో నేల తవ్వి చేసిన గుంటలో కాళ్లు దించి కూర్చుని నేయాలి. పగటిపూట ఆ వాడలో చప్పుడు ఆగే సమయం ఒక్కటే ఉండేది, మధ్యాహ్నం బువ్వలు తిన్నాక. ఒక్కో ఇంట్లో ఒక్కో మగ్గం ఆగిపోతుంటే, అప్పటిదాకా వినపడని కోళ్ల అరుపులు, బాయి గిరక చప్పుడు వినపడేవి.

నాయిన చేతులు కడుక్కుని వచ్చి, మగ్గం పక్కన వట్టి నేల మీద, తువ్వాల మడిచి తల కింద పెట్టుకుని ఒరిగేవాడు. మంచం జోలికి పోయేవాడు కాదు. "మంచమెక్కితే పొద్దుగూకే దాకా లేవబుద్ధి గాదు బిడ్డా" అనేవాడు. లేపే పని నాది. మా ఇల్లు పడమటి ముఖం. పొద్దు వాలే కొద్దీ ఎండ అరుగెక్కి గడప వైపు జరిగేది. "ఎండ ఈ బండ దాటంగనే లేపు" అని అరుగుకు పరిచిన బండల్లో ఒకదాన్ని చూపించేవాడు. కాలాన్ని బట్టి ఆ బండ మారేది. చలికాలంలో ఒకటి, ఎండాకాలంలో ఒకటి. ఏ కాలమైనా ఆ సేపు మాత్రం మారేది కాదు, ఇరవై నిమిషాలకు కొంచెం అటూ ఇటూ. నేను అరుగు మీద అచ్చనగండ్లు ఆడుకుంటూ ఎండను కనిపెట్టుకుని ఉండేదాన్ని. ఒక్క పిలుపుకే లేచేవాడు. ముఖం మీద ఇన్ని నీళ్లు చల్లుకుని మళ్లీ గుంటలోకి దిగేవాడు.

ఆ కాసేపు ఎందుకంత అవసరమో తెలియాలంటే మా నేత సంగతి కొంచెం చెప్పాలి. మామూలు చీరలో రంగు దారంతో పాటు నేసుకుంటూ పోతే సరిపోతుంది. మా దిక్కు చిటికి నేతలో అట్లా కాదు. దారాన్ని ముందే లెక్క ప్రకారం చుట్టి, అక్కడక్కడ రబ్బరు ముక్కలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. అంటే పువ్వయినా, ఏనుగయినా, చిలుకయినా నేయకముందే దారంలో ఉంటుంది. నేసేవాడు ఒక్కో పోగునూ దాని చోట సరిగ్గా కూర్చోబెట్టాలి. పోగు వెంట్రుకవాసి జరిగినా ఏనుగు తొండం చెదిరిపోతుంది. పొద్దంతా కండ్లు అంచుల మీదే ఉండాలి, చేతులు నాడె మీద ఉండాలి, కాళ్లు తొక్కుతూనే ఉండాలి.

పండుగల ముందు సావుకారి తొందర పెడితే నాయిన కూడా అప్పుడప్పుడు పండుకోకుండా నేసేవాడు. అట్లాంటి రోజున మూడు దాటాక నేసిన జానెడు బట్టను వెలుతురుకు పట్టుకుని చూసేవాడు. ఏమీ అనకుండా పేక పోగులు ఒక్కొక్కటే వెనక్కి తీయడం మొదలుపెట్టేవాడు. నేసేదానికంటే తీసేది కష్టం. "కాసేపు మిగుల్చుకుందామంటే గంట పాయె" అని అమ్మతో అనడం నాకు బాగా గుర్తు. ఆ లెక్క ఆయన ఏ పుస్తకంలోనూ చదవలేదు, బట్ట మీద చూసుకున్నాడు.

నేను చదువుకుని, టీచరు ఉద్యోగం వచ్చి, సైన్సు పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక ఆ లెక్క వెనుక ఉన్నది అర్థమైంది. మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ పోతుంది, పొయ్యిలో బూడిద పేరినట్టు. అది పెరిగే కొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. రాత్రి నిద్ర మొత్తం ఊడ్చేస్తే, పగటి కునుకు పైపైన కొంత తీసేసి మంట మళ్లీ అందుకునేలా చేస్తుంది. దానికి తోడు మన ఒంట్లోని గడియారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు మధ్య కొంచెం మందగిస్తుంది. అన్నం ఎక్కువ తినడం వల్లే మత్తు వస్తుందని అందరం అనుకుంటాం. కడుపునిండా తింటే మత్తు పెరిగే మాట నిజమే గానీ, ఆ పూట తినని వాళ్లకు కూడా అదే వేళకు కండ్లు బరువెక్కుతాయి. కాబట్టి అది తిండిపోతుతనమూ కాదు, సోమరితనమూ కాదు. ఒంటి స్వభావం.

నాయిన మంచం ఎందుకు ఎక్కేవాడు కాదో కూడా అప్పుడే తెలిసింది. పండుకున్న మొదటి ఇరవై నిమిషాలు సాధారణంగా పైపై నిద్రలో గడుస్తాయి. అరగంట దాటే కొద్దీ గాఢనిద్రలోకి జారుతాం. దాని మధ్యలో లేపితే తల దిమ్ముగా ఉండి, ఎక్కడున్నామో తెలియనట్టు కాసేపు తూలుతాం. పగలు పండుకుంటే ఇంకా బద్ధకంగా ఉంటుందని చాలామంది అనేది ఇందుకే. వాళ్లు పండుకున్నది ఎక్కువసేపు. వట్టి నేల, తువ్వాల మడత, అరుగు మీది ఎండ, ఇవన్నీ కలిసి మా నాయినను ఆ లోతుకు పోకుండా ఆపేవి.

అమ్మ కునుకు ఇంత తేలికగా దొరికేది కాదు.

అమ్మ ఆసు పోసేది. చిటికి కట్టడానికి ముందు దారాన్ని చుట్టే పని అది. ఒక చివర ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరుసగా మేకులు. దారం పట్టుకున్న చెయ్యి ఆ చివర నుంచి ఈ చివరకు పోతూ వస్తూ ఉండాలి. ఒక్క చీరకు చెయ్యి 9 వేల సార్లు అట్లా ఆడాలి. ఈ పని చేసిన ఆడవాళ్ల భుజాలు ఎట్లా అయ్యేవో చేనేత ఇళ్లల్లో పుట్టిన అందరికీ తెలుసు. ఆలేరు దగ్గరి శారాజీపేట చింతకింది మల్లేశం గారు తన తల్లి బాధ చూడలేక 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చిన రోజు మా అమ్మ టీవీ ముందు కూర్చుని కుడి భుజం తడుముకోవడం నేను చూశాను.

మా చిన్నతనంలో ఆ యంత్రం లేదు. అందరికీ పెట్టి, గిన్నెలు తోమి, అమ్మ మళ్లీ ఆసు ముందుకే వచ్చేది. కోడలు పగలు పండుకుంటే ఇంట్లో లక్ష్మి నిలవదనే మాట వాడంతా ఉండేది. మగవాళ్లు పండుకుంటే అలసట, ఆడవాళ్లు పండుకుంటే అరిష్టం. మా నాయినమ్మ ఆ మాటను పైకి ఎప్పుడూ కాదనలేదు. కానీ అమ్మ దారం చేతిలో పట్టుకునే గోడకు ఒరిగి కండ్లు మూసుకోగానే, నాయినమ్మ రాట్నం దగ్గరికి లాక్కుని కండెలు చుట్టడం మొదలుపెట్టేది. రాట్నం తిరిగినంత సేపూ వాకిట్లో నడిచేవాళ్లకు ఇంట్లో అందరూ పనిలో ఉన్నట్టే వినపడేది. ఎవరైనా గడప దాకా వస్తే తనే లేచి ఎదురుపోయి మాట్లాడి పంపేది. చాలా ఏండ్లు నేను దాన్ని నాయినమ్మ పనితనం అనుకున్నాను. నాకు పిల్లలు పుట్టి, అత్తగారింట్లో మధ్యాహ్నాలు గడిపాక గానీ ఆ రాట్నం ఎవరి కోసం తిరిగిందో తెలియలేదు. ఒక అత్త తన కోడలికి చేసిన మేలు నాకు తెలిసినంతలో అంతకంటే పెద్దది లేదు.

నాయినమ్మకు నిద్ర విషయంలో గట్టి పట్టింపులు ఉండేవి. తిన్న వెంటనే ఒరగవద్దు, నాలుగడుగులు వేయాలి. ఒరిగితే ఎడమ పక్కకే. ఎడమకు తిరిగి పండుకుంటే కడుపులో పులుపు గొంతులోకి ఎగదన్నడం తగ్గుతుందని ఇప్పటి డాక్టర్లు కూడా చెప్తారు. ఇంకోటి, దీపాలు పెట్టే యాళ్ల ఎవరూ పండుకోవద్దు. జ్వరమొచ్చినవాళ్లను కూడా లేపి కూర్చోబెట్టేది. సాయంత్రం పండుకుంటే రాత్రి నిద్ర పట్టదు, రాత్రి పట్టకపోతే మర్నాడు మళ్లీ సాయంత్రమే కండ్లు మూతపడతాయి. నేను పిల్లలకు నాయినమ్మ నియమం ఉన్నది ఉన్నట్టే చెప్తాను, కారణం మాత్రం ఇట్లా చెప్తాను.

ఎండాకాలంలో మాత్రం ఆమె పట్టు సడలించేది. మా నల్లగొండ ఎండలు 45 డిగ్రీలు ముట్టిన రోజులు ఉన్నాయి. బండరాళ్ల నేల, చెట్టు తక్కువ. ఆ కాలంలో పొలం పోయేవాళ్లు చుక్క పొడవంగనే పోయి, సద్ది తిని, పదకొండు కల్లా యాప చెట్ల కిందికి చేరేవాళ్లు. చరక సంహితలో పగటి నిద్ర మామూలుగా వద్దంటూనే, గ్రీష్మంలో రాత్రులు చిన్నవి, ఒళ్లు ఎండిపోతుంది కాబట్టి ఆ కాలంలో మంచిదే అన్నారు. ముసలివాళ్లకు, పసిపిల్లలకు, దూరం నడిచి వచ్చినవాళ్లకు, బరువులు మోసి అలసినవాళ్లకు ఏ కాలమైనా తప్పు లేదని కూడా ఉంది. నాయినమ్మ చరకుడి పేరు విన్నదో లేదో గానీ, ఆమె ఎవరిని పండుకోనిచ్చేదో ఆ జాబితా దాదాపు అదే.

మా చిన్న మేనమామది ఇంకో రకం కునుకు. ఆయన లారీ డ్రైవరు. మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర బియ్యం లోడు ఎత్తుకుని రాత్రిపూట హైదరాబాద్ వచ్చేవాడు. నార్కట్‌పల్లి దాటి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా ఆ విజయవాడ రోడ్డు మీద తెల్లవారుజామున ఎన్ని ప్రమాదాలు చూశాడో ఆయన చెప్తుంటే మేం అన్నం ముందు కూర్చుని ముద్ద మింగలేకపోయేవాళ్లం. ఆవలింత రెండోసారి వచ్చిందంటే బండి పక్కకు ఆపేవాడు. ఒక గ్లాసు చాయ్ తాగి, వెంటనే సీటులో వెనక్కి వాలి, "మామూలు లెక్కనే లేపు" అని క్లీనర్‌కు చెప్పేవాడు. చాయ్ తాగి పండుకోవడమేంటని మేం అడిగితే, "లేచే వరకు చాయ్ పని జేస్తదిరా" అనేవాడు.

ఆయన మాటే నిజం. కాఫీ, టీలలోని కెఫీన్ మెదడులో అడినోసిన్ కూర్చోవలసిన చోటును ఆక్రమిస్తుంది. అయితే తాగిన వెంటనే కాదు, అది పూర్తిగా పనిచేయడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఆ లోపల కునుకు కూడా తీస్తే రెండూ ఒకేసారి కలిసొస్తాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. డ్రైవరు కండ్లు నాలుగు సెకన్లు మూసుకుంటే బండి దాదాపు 90 మీటర్లు ఎవరూ నడపకుండా పోయినట్టే. నిద్రమత్తును కిటికీ దించుకుని, పాటలు పెట్టుకుని, మొండిగా జయించలేం. "లోడు లేటైతే సేటు తిడ్తడు, అంతే గదా" అనేవాడు మామ. ఆయన లారీ దిగేదాకా ఒక్క ప్రమాదం చేయలేదు. ఇది చదివేవాళ్లలో రాత్రిళ్లు బండి నడిపేవాళ్లు ఉంటే, మీ ఇంట్లోవాళ్ల తరఫున ఈ ఒక్క మాట వినండి.

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కూడా పైలట్ల మీద ఇదే చూసింది. గంటల తరబడి సముద్రాలు దాటే విమానాల్లో పైలట్లకు వంతులవారీగా 40 నిమిషాలు విశ్రాంతి ఇస్తే, వాళ్లు సగటున 26 నిమిషాలు నిద్రపోయారు. నిద్రపోని వాళ్లకంటే చివరి గంటల్లో, విమానం దించే సమయంలో చురుకుగా ఉన్నారు. 1994లో ఆ నివేదిక వచ్చింది. దాని గురించి మామకు చెబితే చాలా సంతోషపడ్డాడు. "పైలట్లు కూడా మనలెక్కనేనా" అని ఊరంతా చెప్పుకొచ్చాడు.

నా ఉద్యోగం జడ్చర్ల వైపు, ఇల్లు షాద్‌నగర్‌లో. చాలా ఏండ్లు కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్ పోయే రైల్లోనే అప్ అండ్ డౌన్ చేశాను. ఆ పెట్టెలో సీజన్ పాస్ ఆడవాళ్లం చాలామందిమి ఉండేవాళ్లం. టీచర్లు, నర్సులు, బ్యాంకు వాళ్లు, ఆఫీసు అటెండర్లు. అందరం నాలుగున్నరకు లేచి, బాక్సులు కట్టి, పిల్లలను తయారు చేసి పరుగెత్తుకొచ్చిన వాళ్లమే. రైలు కదిలిన కొద్దిసేపటికి మాటలు తగ్గిపోయేవి. ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని కునుకు తీసేవాళ్లం. జడ్చర్ల చేరేసరికి సుమారు అరగంట. అందరం ఒకేసారి నిద్రపోతే మహబూబ్‌నగర్ దాకా పోవాల్సిందే కాబట్టి రోజుకొకరు మెలకువగా ఉండేవాళ్లు. బాలానగర్ దాటాక "మేడమ్, లేవండి, మన స్టేషన్ వస్తుంది" అని ఒక్కొక్కరినీ తట్టి లేపేవాళ్లు. పేర్లు సరిగ్గా తెలియని వాళ్లు కూడా నా భుజం మీద పండుకున్నారు. ఇంట్లో ఆ కాసేపు దొరకదు. అక్కడ ఎవరూ మమ్మల్ని నీళ్లు అడగరు, తువ్వాల ఎక్కడుందని అడగరు. ఆ అరగంట లేకపోతే మొదటి పీరియడ్‌లో నేను పిల్లల మీద అరిచే టీచర్ని అయ్యేదాన్నని గట్టిగా చెప్పగలను.

కునుకు రాత్రి నిద్రకు బదులు కాదు, అది మాత్రం మరచిపోవద్దు. రోజూ నాలుగైదు గంటలే పండుకుని పగటి కునుకుతో సరిపెట్టుకుందామంటే ఒళ్లు ఒప్పుకోదు. రాత్రి నిద్ర పట్టని వాళ్లు పగలు పండుకోకపోవడమే నయం. గట్టిగా గురక పెడుతూ, రాత్రంతా నిద్రపోయి కూడా పగలు ఎక్కడ కూర్చుంటే అక్కడ తూగేవాళ్లు డాక్టరుకు చూపించుకోవాలి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు ఉండొచ్చు. గ్రీసు దేశంలో 23 వేల మందికి పైగా పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, క్రమంగా మధ్యాహ్నం పండుకునే అలవాటు ఉన్నవాళ్లలో గుండెజబ్బు మరణాలు 37 శాతం తక్కువ కనిపించాయి. అట్లని రోజూ గంటకు మించి పండుకునేవాళ్లలో షుగరు, బీపీ ఎక్కువ కనిపించిన పరిశీలనలూ ఉన్నాయి. ఏది దేనివల్ల అన్నది ఇంకా తేలని విషయమే గానీ, నాకు మాత్రం మా నాయిన చూపించిన బండ దగ్గర ఆగడమే సరైన కొలత అనిపిస్తుంది.

నాయిన పోయాక అమ్మ నా దగ్గరే ఉంటుంది. చేసే పని ఏమీ లేదు, వద్దనేవాళ్లూ లేరు. మధ్యాహ్నం మంచం మీద ఒరుగుతుంది. కానీ ఎవరైనా తలుపు కొట్టారంటే చాలు, చీర సర్దుకుంటూ లేచి కూర్చుని, "పండుకోలేదు, ఊకెనే ఒరిగిన" అంటుంది. వచ్చింది మనవడైనా అదే మాట. డెబ్బై దాటిన మనిషి, జీవితమంతా చెయ్యి ఆడించిన మనిషి, పట్టపగలు కండ్లు మూసుకున్నందుకు ఇప్పటికీ సంజాయిషీ చెప్పుకుంటుంది. అది విన్న ప్రతిసారీ నాకు కడుపులో దేవినట్టవుతుంది. నా బిడ్డకు మాత్రం ఆ మాట అంటనివ్వను. కాలేజీ నుంచి వచ్చి పండుకుంటే, ఎవరైనా అడిగితే "నిద్రపోతుంది" అనే చెప్తాను.

మా బడిలో ఒకటో తరగతి పిల్లలు మధ్యాహ్న భోజనం చేసి వచ్చి పలక ముందు తూగుతుంటారు. వాళ్లలో కొందరి అమ్మానాన్నలు పని కోసం ముంబై, పుణె వలస పోయినవాళ్లు. అవ్వతాతల దగ్గర ఉండి, పొద్దున్నే లేచి, పశువుల దగ్గర చెయ్యేసి బడికి వస్తారు. ఆరేండ్ల పిల్లకు ఆ వేళ అక్షరాలు దిద్దిస్తే ఏం వస్తుంది? వాళ్ల కోసం తరగతి వెనుక జంపఖాన పరిచాను. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి చూసి, ఇది బడా, సత్రమా అని అందరి ముందు కోప్పడ్డారు. నేను పిల్లల నోటు పుస్తకాలు తెచ్చి, జంపఖాన పరవక ముందు మధ్యాహ్నం రాసిన పేజీలు, పరిచాక రాసిన పేజీలు పక్కపక్కన పెట్టి చూపించాను. మా నాయిన బట్టను వెలుతురుకు పట్టుకున్నట్టే ఆయన ఆ పేజీలను కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశారు. రిజిస్టరులో ఏమీ రాయకుండా వెళ్లిపోయారు.

ఇప్పుడు స్టాఫ్ రూములో మేము కూడా వంతులు పెట్టుకున్నాం. లంచ్ గంటలో సగం మంది పిల్లలను చూసుకుంటే మిగతా సగం బెంచీ మీద తల వాలుస్తారు, మర్నాడు తారుమారు. కొత్తగా వచ్చిన చిన్న టీచరమ్మకు నెలల పాప ఉంది. రాత్రుళ్లు నిద్ర లేదు. మొదట్లో మొహమాటపడి, పండుకోకుండా దిద్దే పుస్తకాలు ముందేసుకుని కూర్చునేది. "నువ్వు పండుకో తల్లీ, నీ క్లాసు నేను చూస్తా" అని పుస్తకాలు లాక్కున్నాను. ఈ ఏడాది ఒకటో తరగతిలో పిల్లలు ఎక్కువ చేరారు, ఉన్న జంపఖాన చాలడం లేదు. జడ్చర్ల బజారులో ఇంకొకటి చూసి వచ్చాను, శనివారం పోయి తెచ్చుకోవాలి.